రేపటికి నెట్టిన ఇంటిపని ఎవరి పాలు?



ధర్మవిచారమనగానే మనము సాధారణముగా పెద్ద విషయములనే తలచుకొందుము. సత్యము, అహింస, దానము, వైరాగ్యము మొదలగువానిని గూర్చి ఉపన్యసించుటకు మనలో ఎందరో సమర్థులు గలరు. కాని ఉదయము త్రాగిన కాఫీ లోటాను ఎవరు కడుగవలెనను ప్రశ్నను ధర్మప్రశ్నగా ఎవరును ఎంచరు. ముంగిలి ఊడ్చి కల్లాపి చల్లుట, అంట్లు తోముట, ఉతికిన బట్టలను మడిచి పెట్టుట, బియ్యములో రాళ్లు ఏరుట, దీపపు కుందులకు పట్టిన జిడ్డు వదలించుట, త్రాగునీటి బిందెలు నింపుట – ఇవి ఏ ధర్మగ్రంథమునను పెద్ద అక్షరములతో వ్రాయబడని పనులు. అయినను ఈ పనులు చేయువారి ఆయుష్షులో ఇవి ఆక్రమించునంత కాలమును ఏ వ్రతమును, ఏ తీర్థయాత్రయు ఆక్రమింపదు.

దేహశ్రమకు కాయకమని పేరు పెట్టి, దానిని పూజతో సమానమైన పీఠముపై కూర్చుండబెట్టిన సంప్రదాయము మనది. పండ్రెండవ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుడు నెలకొల్పిన అనుభవమంటపములో పడవ నడపు అంబిగర చౌడయ్యయు, బట్టలుతుకు మడివాళ మాచయ్యయు, తోలుపని చేయు హరళయ్యయు మంత్రియైన బసవనితో సమముగా ఆసీనులైరి. అట్టి వారి వారసులమని చెప్పుకొను మనకు ఇంటిపని చిన్న విషయము కారాదు.

ఈ వ్యాసమున విచారింపదలచినది ఒక్కటే ప్రశ్న. చేయవలసిన చిన్నపని, చిన్న కారణముచేత వాయిదా పడినపుడు అందులో తప్పేమున్నది? "పనియే కదా, రేపు చేసికొందము" అను సమాధానము ఎంతవరకు నిలుచును?

చిన్న అడ్డంకులు

ముందుగా ఆ కారణములను చూతము. మదనపల్లెలోనైనను, పుంగనూరులోనైనను, కుప్పములోనైనను ఇంటిపనిని ఆపు కారణములు గొప్పవి కావు. వార్తాపత్రికలో మిగిలిన అరపుట. సెల్‌ఫోనులో వచ్చిన ఒక చిన్న చిత్రము, దాని వెనుక మరియొకటి. వాకిట నిలిచిన పొరుగువారితో రెండు మాటలు. తోముటకు చింతపండు లేదను వంక. చీపురు ఎక్కడ పెట్టితిమో కనబడకపోవుట. ఇవిగాక తిథివారముల కారణములు గలవు. శుక్రవారము బూజు దులుపరాదు. మంగళవారము కొత్తపని పట్టరాదు. ఇప్పుడు రాహుకాలము, గడచిన తరువాత చూతము. దినములలో మంచిచెడ్డలు లేవనియు, శివస్మరణ గల ప్రతిదినము మంచిదినమే యనియు విశ్వసింపవలసిన ఇండ్లలో కూడ పని తప్పించుకొనుటకు మాత్రము పంచాంగము అక్కరకు వచ్చుట విచిత్రము. పెండ్లి ముహూర్తమునకు పంచాంగము చూడని శరణుడు అంట్లు తోముటకు చూచుట మరింత విచిత్రము.

అన్ని అడ్డంకులును వంకలు కావు. న్యాయముగా చెప్పవలెనన్న, మన పడమటి తాలూకాలలో ఇంటిపనికి మొదటి శత్రువు సోమరితనము కాదు, నీటికొరత. ఇది మెట్టప్రాంతము. చెరువులు వానపై ఆధారపడినవి. బోరుబావులు ఏటేట లోతునకు పోయినవి. కరవు సంవత్సరములలో ట్యాంకరు ఏ వేళకు వచ్చునో తెలియక, బిందెలు వరుసలో పెట్టుకొని కూర్చుండిన తల్లి ఇంట్లో పప్పు మాడినను, బట్టలు నానినను ఆమెను ఎవరును తప్పు పట్టజాలరు. హంద్రీ–నీవా కాలువద్వారా కృష్ణాజలములు 2025 ఆగస్టులో కుప్పము ప్రాంతమును చేరినవి. నీరు దూరమున నున్నంతకాలము ఇంటిపని గడియారము ప్రకారము నడువదను సంగతి ఈ ప్రాంతమువారికి బోధింప నక్కరలేదు. రోగము, వార్ధక్యము, ఒడిలో పసిబిడ్డ, నడుము వంచలేని అలసట – ఇవియు అట్టివే.

కావున అడ్డంకికిని వంకకును భేదము తెలియవలెను. దానికి సులభమైన పరీక్ష ఒకటి గలదు. అడ్డు తొలగిన వెంటనే పని జరిగినచో అది నిజమైన అడ్డంకి. ఒకటి తొలగగానే దాని స్థానమున మరియొకటి వచ్చి కూర్చుండినచో అది వంక. నీరు రాగానే బిందె పట్టుకొని లేచువారు నీటికొరకు వేచినవారు. నీరు వచ్చిన తరువాత "ఈ వార్త ముగియనిమ్ము" అనువారు మరిదేనికొరకో వేచినవారు.

వేళ తప్పని పనులు

మనకు వేళ పాటించుట చేతకాదని అనుటకు వీలులేదు. ఈ ప్రాంతపు జీవనమే అందులకు సాక్ష్యము. మదనపల్లె, పలమనేరు, కుప్పము ప్రాంతములలో పట్టుపురుగుల పెంపకము గలదు. గుడ్డునుండి వెలువడిన పురుగు సుమారు 25 నుండి 28 దినములలో గూడు కట్టును. ఈ లోపల నాలుగు మారులు నిద్రించి పొర విడుచును. నాలుగవ నిద్ర లేచిన తరువాత దాని ఆకలికి అంతు లేదు. జీవితకాలమున అది తిను మొత్తము ఆకులో ఐదింట నాలుగు వంతులకు పైగా ఆ చివరి దశలోనే తినును. ఆ దినములలో ఇంటిల్లిపాదియు మల్బరీ ఆకు కోయుచు, తట్టలకు వేయుచు నుందురు. ఆకు వేళ తప్పినచో పురుగులు సమముగా పెరుగవు, గూడు పలుచనగును, ధర తగ్గును. అందుచేత రాత్రివేళ కూడ లేచి ఆకు వేయుదురు. అప్పుడు "రేపు చూతము" అను మాట ఎవరినోటను వినబడదు.

టమాటా సంగతియు అంతే. మదనపల్లె మార్కెట్టుకు కాయ చేర్చవలసిన రైతు కోతను వారమునకు వాయిదా వేయడు. 2023 జూలైలో కిలో ధర నూరు రూపాయలు దాటినపుడు ఈ ప్రాంతమున పండిన కాయకు బంగారమునకున్నంత కాపలా పెట్టిరి. పుంగనూరు ఆవు పొట్టిదైనను, అంటే ఎత్తు 70 నుండి 90 సెంటీమీటర్లకు మించకపోయినను, పాలు పిదుకు వేళ దానికిని తప్పదు. కుప్పమునుండి బెంగుళూరు పోవు తెల్లవారుజాము రైలునెక్కు కూలివాడు స్టేషనులో నిలిచి "ఇంకొక లోటా కాఫీ త్రాగి వత్తును" అని రైలును ఆపజాలడు.

ఇందునుండి తేలునదేమి? మనకు సమయపాలన శక్తి గలదు. ఏ పని వెనుక ధనము గలదో, ఏ పని ఆలస్యమైన నష్టము కంటికి కనబడునో ఆ పనిని మనము వాయిదా వేయము. అదే ఇంట, అదే దినమున, ఆకు తట్టల ప్రక్కనే మధ్యాహ్నపు అంట్లు సాయంకాలము వరకు ఎండిపోయి పడియుండును. పట్టుపురుగునకు వేళ తప్పరాదు, పళ్లెమునకు తప్పవచ్చును. కావున వాయిదా అనునది కాలము చాలకపోవుటవలన పుట్టినది కాదు. ఆ పనిని మనము పనిగా గౌరవింపకపోవుటవలన పుట్టినది.

గౌరవింపకపోవుటకు ఒక కారణమున్నది. ఇంటిపనికి ముగింపు లేదు. తోమిన గిన్నె సాయంకాలమునకు మరల మురికి యగును. ఊడ్చిన ముంగిట మరల ఆకులు రాలును. చేసినపుడు ఎవరి కంటను పడదు, చేయనపుడు మాత్రమే అందరి కంటను పడును. ఫలము నిలువని పనికి విలువ ఏమని మనస్సు ప్రశ్నించును. శివపూజ చేయు మనము ఈ ప్రశ్నకు తడబడ నక్కరలేదు. నిన్న ఇష్టలింగమును పూజించితిని గావున నేడు అక్కరలేదని ఏ శరణుడును అనడు. నిన్నటి విభూతి నేటి నుదుట నిలువదు. ప్రతిదినము మొదటినుండి మొదలుపెట్టవలసిన పని పూజ. ఇంటిపనియు అట్టిదే. అది మరల మరల చేయవలసి వచ్చుట దాని తక్కువతనము కాదు, అది నిత్యకర్మయగుటకు గురుతు.

వాయిదా పడిన పని ఎక్కడికి పోవును?

ఇక అసలు విషయమునకు వత్తము. పనిని రేపటికి వాయిదా వేసితిమని మనము అనుకొందుము. కాని ఇంటిపనిలో రేపు అను స్థలము చాల అరుదు. ఆకలి రేపటి వరకు ఆగదు. పిల్లవాని బడిబట్టలు రేపటి వరకు ఆగవు. మంచముపట్టిన ముసలితండ్రి పక్కబట్ట మార్చుట ఒక్క గంటయు ఆగదు. కావున నేను విడిచిన పని కాలములో ముందుకు జరుగదు, మనుష్యులలో ప్రక్కకు జరుగును. నేను కడుగని లోటాను రేపు నేను కడుగుదునా? కాదు, నేడే మరియొకరు కడుగుదురు. ఆ మరియొకరు ఎవరో మన ఇండ్లలో వేరుగా చెప్ప నక్కరలేదు.

కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖవారు 2024వ సంవత్సరమున దేశమంతట కాలవినియోగ సర్వే జరిపిరి. ఆరేండ్లు, అంతకు పైబడిన వయస్సువారిలో, ఒక దినమున జీతము లేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు నూటికి 81.5 మంది, పురుషులు 27.1 మంది. పాల్గొన్నవారిలో స్త్రీ వెచ్చించినది సగటున దినమునకు 289 నిమిషములు, పురుషుడు వెచ్చించినది 88 నిమిషములు. 2019లో జరిగిన ఇట్టి సర్వేలో ఆ సంఖ్యలు 299, 97 నిమిషములు. అనగా నలుగురు పురుషులలో సుమారు ముగ్గురు ఆ దినమున ఇంటిపని ముట్టనే లేదు. ముట్టిన నాలుగవవాడును స్త్రీ చేసినదానిలో మూడవ వంతు కాలము కూడ దానికి ఇయ్యలేదు.

ఈ సంఖ్యలను చూచిన తరువాత "ఇల్లాండ్రు కబుర్లతోను, టెలివిజను సీరియళ్లతోను పనులు వాయిదా వేయుచున్నారు" అను వాడుకమాటను మనము మరల ఆలోచింపవలెను. ఇంచుమించు ఐదు గంటలు పనిచేసిన మనిషి అరగంట కూర్చుండిన అది విశ్రాంతి. ఏమియు చేయని మనిషి కూర్చుండినచో దానికి వేరొక పేరున్నది. ఆ పేరును మనము సాధారణముగా ఎవరికి అంటగట్టుచున్నామో గమనింపుడు.

వీరశైవ గృహములలో ఈ విషయమునకు మరియొక లోతు గలదు. మన ధర్మమున స్త్రీకిని పురుషునకును లింగదీక్ష సమానము. అక్క నాగమ్మకు లేని జన్నిదము తనకెందుకని బాలబసవడు ఉపనయనవేళ ప్రశ్నించెనని లోకప్రతీతి. కరస్థలమున ఇష్టలింగము నుంచి పూజించుకొను అధికారము ఇంటి యజమానికెంత గలదో ఇల్లాలికిని అంతే గలదు. కాని ఉదయమున మన ఇండ్లలో జరుగునదేమి? యజమాని స్నానమునకు నీళ్లు తోడియుండవలెను. మడిచిన ధోవతి సిద్ధముగా నుండవలెను. పూజకు నీరు, పత్రి, పుష్పములు, విభూతి అమర్చియుండవలెను. ఆయన కన్నులు మూసి నిదానముగా శివపూజ చేసికొనును. ఆ ప్రశాంతిని ఆయనకు అమర్చిపెట్టిన ఇల్లాలు, పొయ్యిమీద సంగటి ఉడుకుచుండగా, పిల్లలు బడికి తొందరపడుచుండగా, తడిచేతులు కొంగునకు తుడుచుకొని నాలుగు నిమిషములలో తన లింగపూజను ముగించుకొనును. కొన్ని దినములు ఆ నాలుగు నిమిషములకును దిక్కుండదు. "మధ్యాహ్నము చేసికొందునులే" అని ఆమె అనుకొనును. మధ్యాహ్నము అంట్లు గలవు.

అందుచేత ఒక మాట నిర్మొహమాటముగా చెప్పవలసియున్నది. మన ఇండ్లలో వాయిదా పడుచున్నది లోటా కడుగుట కాదు, బట్ట మడుచుట కాదు. అవి ఏదో విధముగా జరిగిపోవుచున్నవి. నిజముగా వాయిదా పడుచున్నది ఇల్లాలి శివపూజ. ఇంటిలో ఒకరి పూజ నిదానముగా సాగుటకు మరియొకరి పూజ ఖర్చగుచున్నచో, ఆ పూజ ఫలము ఎవరి లెక్కలో చేరవలెను?

శరణుల సాక్ష్యము

"కాయకమనగా జీవనోపాధి, ఇంటిపని కాయకమెట్లగును?" అని కొందరు అడుగుదురు. ఈ ప్రశ్న అలక్ష్యము చేయదగినది కాదు. కాయకమునకు ప్రతిఫలము, ప్రతిఫలమునుండి దాసోహము – ఇది క్రమము. ఇంటిపనికి కూలి లేదు. కాని శరణులు కాయకమని పేర్కొన్న పనులను చూడుడు. కొట్టణద సోమవ్వ కాయకము ధాన్యము దంచుట. కదిరె రెమ్మవ్వ కాయకము నూలు వడకుట. ఆమె పేరులోని కదిరె మనము కదురు అనునదే. సత్యక్క కాయకము ముంగిళ్లు ఊడ్చుట. రోకలి, కదురు, చీపురు – ఈ మూడును మన ఇండ్లలో పురుషుడు ముట్టని వస్తువులు. వానినే పేరునకు చేర్చుకొని, ఆ పనులతోనే ఆ తల్లులు అనుభవమంటపపు కాలమున వచనకర్త్రులుగా గౌరవము పొందిరి. పనికి కూలి యున్నదా లేదా అనునది కాయకమునకు కొలత కాదు. ఆ శ్రమవలన మరియొకరి ఆకలి తీరుచున్నదా అనునది కొలత. ఆ కొలతతో చూచినచో వంటయిల్లును మించిన దాసోహస్థలము ఏది?

అయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ మనకందరకు తెలిసినదే. బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి, వానితో వండి జంగమదాసోహము చేయుట వారి నియమము. ఒకనాడు మారయ్య నిత్యమునకు మించిన బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని అంగీకరింపక, అధికమైన బియ్యమును ఎక్కడిది అక్కడనే పోసి రమ్మని పంపెను. ఈ కథను మనము సంచయదోషమునకు, అనగా రేపటికొరకు ధనధాన్యములు కూడబెట్టుటకు, ఉదాహరణముగా చెప్పుకొందుము. దానికి మరియొక ప్రక్క గలదు. నేటి బియ్యము నేటికి చాలునన్న తల్లి, నేటి పనియు నేటికే యని కూడ చెప్పినట్లే. రేపటికి దాచిన గింజ ఎవరి నోటినుండియో తీసినది. రేపటికి దాచిన పని ఎవరి చేతికో అప్పగించినది. రెండింటిలోను లోభమొక్కటే. మొదటిదానిలో వస్తులోభము, రెండవదానిలో దేహలోభము.

నులియ చందయ్య కథ ఇంకను సూటియైనది. అతడు త్రాళ్లు పేని అమ్ముకొని జీవించి, ఆ సంపాదనతో దాసోహము చేయువాడు. చెరువులో త్రాళ్లకు గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారి నీట పడినదట. చందయ్య పని ఆపలేదు. లింగమే వెంటబడి తన్ను స్వీకరింపుమని వేడుకొనవలసి వచ్చెనని, తుదకు శరణులు నచ్చజెప్పినమీదట అతడు స్వీకరించెనని కథ. ఇది లింగమును అలక్ష్యము చేయుమని చెప్పుటకు పుట్టిన కథ కాదు. పనిని విడిచి పూజకు పరుగెత్తుటను లింగమే కోరదని చెప్పుటకు పుట్టినది. కాయకమున మునిగినవాడు గురులింగజంగములను కూడ మరచియుండవచ్చునను భావము అయ్దక్కి మారయ్య పేర మన సంప్రదాయమున నిలిచియున్నది. కావున "పూజలో నున్నాను, ఆ పని నీవు చూచుకొనుము" అని నిత్యము తప్పుకొనువానికి మన శాస్త్రములో ఆధారము దొరకదు. ఆధారము ఎదుటి పక్షమునకే గలదు.

ఇతర దేశముల మాట

ఈ విచారము మన ఒక్కరిదే కాదు. బసవేశ్వరుని తరువాతి శతాబ్దమున జపానుదేశపు బౌద్ధభిక్షువు దోగెన్ 1223లో చైనాకు పోయెను. అక్కడి మఠములో మండుటెండలో పుట్టగొడుగులు ఆరబెట్టుచున్న వృద్ధుడైన వంటవానిని చూచెను. ఆయనకు 68 ఏండ్లు. ఇంత కష్టము మీకెందుకు, పనివారిచేత చేయింపరాదా యని దోగెన్ అడుగగా, ఇతరులు చేసినది తాను చేసినట్లు కాదని ఆ వృద్ధుడు చెప్పెనట. ఎండ తగ్గినపిమ్మట చేయరాదా యన్న, ఆరబెట్టుటకు ఇంతకు మంచివేళ ఎప్పుడు వచ్చునని ఎదురు అడిగెనట. స్వదేశమునకు తిరిగి వచ్చిన దోగెన్ 1237లో మఠపు వంటవాని ధర్మములను గూర్చి ప్రత్యేకముగా ఒక గ్రంథమే వ్రాసెను. ఆ వృద్ధుని రెండు సమాధానములు మన రెండు వంకలను త్రుంచుచున్నవి. ఒకటి "ఇంకొకరు చేయుదురులే", రెండవది "తరువాత చేయుదునులే". ఈ రెండును ఒకే వంకకు రెండు ముఖములు.

ఇటలీలో ఆరవ శతాబ్దమున బెనెడిక్టు వ్రాసిన మఠనియమావళిలో సన్యాసులందరును వంతులవారీగా వారమువారము వంటశాల సేవ చేయవలెననియు, మఠపు పాత్రలను పూజావేదికపైనుండు పాత్రలతో సమముగా చూడవలెననియు విధింపబడియున్నది. మన మఠములలో ఈ భావము క్రొత్తది కాదు. తుమకూరు సిద్ధగంగా మఠమున 2019 జనవరిలో శివైక్యము చెందిన శివకుమార మహాస్వాములవారి కాలమున పదివేల సంఖ్యలో విద్యార్థులకు ప్రతిదినము అన్నదాసోహము జరిగినది. అంతమందికి వండు పొయ్యి ఒక్క పూట వాయిదా పడినచో ఏమగునో ఊహింపుడు. పెద్ద వంటశాలలో స్పష్టముగా కనబడు ఈ సత్యము నలుగురున్న ఇంటి వంటగదిలో కనబడకపోవుట మన చూపులోని లోపమే.

మదనపల్లెలోనే 1895 మే నెలలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి మార్గము మన మార్గము కాదు. ఆయన గురువును గాని, దీక్షను గాని అంగీకరింపలేదు. అయినను ఒక విషయమున ఆయన బోధ ఇచ్చట పనికి వచ్చును. రేపు మారెదనని మనస్సు చెప్పుకొనుట, నేడు మారకుండుటకు అది కనిపెట్టిన ఉపాయమేయని ఆయన పలుమారులు చెప్పెను. లోటా కడుగుట మొదలు కోపము విడుచుట వరకు ఈ ఉపాయము ఒక్కటే.

ఎదురు వాదము, ఒక హెచ్చరిక

"మగవాడు బయట సంపాదించును, ఆడది ఇల్లు చూచుకొనును. ఇది పనుల పంపకమే గాని అన్యాయము కాదు" అని అనువారు గలరు. ఇరువురును ఇష్టపడి పంచుకొన్న పనిలో అన్యాయము లేదు. కాని మన ప్రాంతమున ఇల్లు చూచుకొను స్త్రీ బయట పని చేయుట లేదా? పట్టుపురుగునకు ఆకు కోయునది ఎవరు? మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుచీర నేయు మగ్గమునకు కండెలు చుట్టునది సాధారణముగా ఎవరు? టమాటా తోటలో కలుపు తీయు కూలివారిలో ఎక్కువమంది ఎవరు? స్త్రీ బయటి పనిలో పాలు పంచుకొన్నది. పురుషుడు లోపలి పనిలో అంత పాలు పంచుకొనలేదు. ఇది పంపకము కాదు, ఒక ప్రక్క తెరచి ఒక ప్రక్క మూసిన తలుపు.

హెచ్చరిక ఒకటి అవసరము. కాయకమను పవిత్రమైన మాటను ఇంటిలోని బలహీనురాలిపై కొరడాగా ప్రయోగించుట కలదు. "కాయకము చేయని కోడలు ఏమి లింగవంతురాలు?" అని అత్తగారు అనుటయు, ఆ మాట విని మామగారు పత్రికలో తల దూర్చుకొనుటయు మనము ఎరుగనివి కావు. ఈ వ్యాసమును కోడలికి చదివి వినిపించుటకు దయచేసి ఉపయోగింపకుడు. కాయకము ఆచరింపదగినది, ఆజ్ఞాపింపదగినది కాదు. శరణులలో ఎవరును తన కాయకమును మరియొకరి నెత్తిపై పెట్టలేదు. ఇల్లు అద్దమువలె మెరయవలెనను పట్టుదలతో ఇంటిలోని మనిషిని అరగదీయుట శుచి కాదు. ఒక దినము ముగ్గు పడకపోయినచో శివుడు అలుగడు. అలసిన తల్లి మిగిల్చిన పని దోషము కాదు. చేయగలవాడు చేయక ఆమెకు మిగిల్చిన పనియే దోషము.

చేయదగినది

పెద్ద సంకల్పములు పెద్ద వంకలను పుట్టించును. కావున చిన్న నియమములే మేలు. ఇంటిలో ప్రతివారును, యజమానితో సహా, తాను త్రాగిన లోటాను, తిన్న పళ్లెమును తానే కడుగవలెను. తన పూజకు నీరు తానే తెచ్చుకొనవలెను. పూజాద్రవ్యములు అమర్చుకొనుట కూడ పూజలోని భాగమే గదా! పదేండ్లు నిండిన మగపిల్లవానికి ముంగిలి ఊడ్చుట నేర్పవలెను. వానికి సత్యక్క కథ చెప్పి చీపురు చేతికిచ్చినచో వాడు దానిని తక్కువపనిగా ఎంచడు. రెండు నిమిషములలో ముగియు పని కంటబడినచో, అది ఎవరిదని విచారింపక అప్పుడే చేయవలెను. చేయలేనిచో "ఇది నేను చేయలేకున్నాను, నీవు చేయగలవా?" అని నోరు తెరచి అడుగవలెను. అడిగినపుడు ఆ పని ఎవరి చేతికి పోవుచున్నదో మనకు తెలియును. అడుగక విడిచినపుడు తెలియనట్లు నటింతుము.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి. ప్రతి వీరశైవ గృహములోను ఇల్లాలి ఇష్టలింగపూజకు ఒక వేళ ఏర్పడవలెను. ఆ వేళ పొయ్యి దగ్గర భర్తయో కొడుకో నిలువవలెను. పాలు పొంగినను, తలుపు కొట్టినను ఆమెను పిలువరాదు. అర్ధగంట చాలును. సంగటి కొంచెము ముద్ద కట్టినచో కట్టనీయుడు. మన మఠములును తమ ఉపదేశములలో ఈ విషయమును చేర్చి, పాదపూజకు వచ్చిన యజమానిని "మీ ఇంటిలో అమ్మగారి పూజ ఏ వేళకు?" అని అడిగినచో అది వేయి ఉపన్యాసములకు సాటి యగును. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక తడబడిన ఇంటిలో వాయిదా పడియున్నదేమిటో ఆ క్షణముననే తెలియును.